సీటు వచ్చాక సంగతి: తొలితరం దళిత డాక్టర్ల ఉద్యోగం, డబ్బు, ప్రాక్టీసు

వాడలో ఎవరి పిల్లకైనా ఎంబీబీఎస్ సీటు వస్తే ఫ్లెక్సీ కడతాం. అంబేడ్కర్ విగ్రహానికి దండ వేయిస్తాం, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం. పదేళ్ల తర్వాత ఆ డాక్టరమ్మ ఏ ఆసుపత్రిలో ఎంతకు పనిచేస్తోంది, ఎంత అప్పులో ఉంది, సొంత క్లినిక్ ఎందుకు పెట్టుకోలేదు అని మాత్రం అడగం. మన చర్చ సీటు దగ్గర మొదలై సీటు దగ్గరే ఆగిపోతోంది.

వైద్య వృత్తిలో చదువు ఒక భాగమే. మిగతాదంతా వారసత్వంగా వస్తుంది. నాన్నకు నర్సింగ్ హోమ్ ఉంటుంది. మేనమామ బ్యాంకులో ఉంటాడు. తాకట్టుకు పొలం ఉంటుంది. ఏ కాంట్రాక్టులో ఏ మెలిక ఉందో చెప్పడానికి ఇంట్లోనే ఒక సీనియర్ డాక్టరు ఉంటాడు. తొలితరం దళిత డాక్టరుకు ఇవేవీ ఉండవు. అందువల్ల తెలివి తక్కువై కాదు, చెప్పేవాళ్లు లేక నష్టపోతారు. చెప్పేవాళ్లు లేని చోట ఆ సమాచారాన్ని మనమే రాసి పెట్టుకోవాలి. ఎంబీబీఎస్ చివరి ఏడాది నుంచి సొంత ప్రాక్టీసు దాకా ఉపయోగపడే విషయాలను మేం ఇక్కడ ఒకచోట చేర్చాం.

రిజర్వేషన్ ఎక్కడిదాకా ఉంది

అఖిల భారత కోటా సీట్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఎంబీబీఎస్‌కూ, ఎండీ, ఎంఎస్ సీట్లకూ ఇది వర్తిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల కోటాలోనూ ఎస్సీల వాటా 15 శాతమే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు తర్వాత రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ చేశాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం చొప్పున, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం చొప్పున పంచారు. కాబట్టి కుల ధ్రువీకరణ పత్రంలో గ్రూపు కూడా సరిగా ఉందో లేదో కౌన్సెలింగ్‌కు ముందే చూసుకోవాలి.

ఈ రక్షణ ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. డీఎం, ఎంసీహెచ్ లాంటి సూపర్ స్పెషాలిటీ సీట్లలో కుల రిజర్వేషన్ ఉండకూడదని 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కార్డియాలజిస్టు, న్యూరోసర్జన్, గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు కావాలంటే జనరల్ పోటీలోనే నెగ్గాలి. ప్రైవేటు ఆసుపత్రుల ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎప్పుడూ లేదు. అంటే డబ్బూ హోదా ఎక్కువున్న చోటికి వెళ్లేకొద్దీ రాజ్యాంగం ఇచ్చిన తోడు తగ్గిపోతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే పీజీ బ్రాంచి ఎంపిక నుంచే లెక్క వేసుకోవచ్చు.

ఇంటర్న్‌షిప్, రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్లు

ఇంటర్న్‌షిప్ 12 నెలలు. ఆ కాలానికి స్టైపెండ్ హక్కు. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఖాతాలో వేసినట్టు చూపించి తిరిగి వసూలు చేసుకుంటాయన్న ఫిర్యాదు కొత్తది కాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. ఒక్కరుగా కాకుండా బ్యాచ్ మొత్తంగా సంతకాలు పెట్టి ఫిర్యాదు చేస్తే ఒకరి మీద కక్ష కట్టడం కష్టమవుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేయడం మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. నోటిమాటతో తిరగొద్దు. ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ కాగితం ఉంటే జిల్లా ఎస్సీ సంక్షేమ అధికారి దగ్గరికైనా, జాతీయ ఎస్సీ కమిషన్‌కైనా, హైకోర్టుకైనా వెళ్లగలం. రాజ్యాంగం 338వ అధికరణం కింద ఏర్పడిన ఆ కమిషన్‌కు విచారణలో అధికారులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి.

ఇంటర్న్‌షిప్ అయ్యాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ నంబరు లేకుండా ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయకూడదు. ప్రిస్క్రిప్షన్ మీద, బిల్లు మీద, సర్టిఫికెట్ మీద ఆ నంబరు కనిపించాలి. వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం అయిదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తిచేయాలి. 2023లో జాతీయ మెడికల్ కమిషన్ కొత్త నియమావళి తెచ్చినా అదే ఏడాది ఆగస్టులో దాన్ని పక్కన పెట్టింది కాబట్టి 2002 నియమావళే నడుస్తోంది. పీజీ పూర్తయితే ఆ అర్హతను కూడా కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించాలి. దాన్ని మరిచిపోయి బోర్డు మీద ఎండీ అని రాసుకుంటే అదే ఫిర్యాదుకు కారణమవుతుంది.

పీజీ నిర్ణయం

నీట్ పీజీ ద్వారా ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ సీట్లు వస్తాయి. ఎయిమ్స్, పీజీఐ, జిప్మర్, నిమ్హాన్స్ లాంటి జాతీయ సంస్థలకు ఐఎన్ఐ సెట్ వేరే. ఫీజు భరించలేని వాళ్లకు ప్రభుత్వ కాలేజీ, జాతీయ సంస్థల తర్వాత డీఎన్‌బీ మంచి దారి. స్టైపెండ్ ఉంటుంది, డిగ్రీ విలువలో తేడా లేదు. ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంట్ సీటుకు పొలమో ఇల్లో అమ్మే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ బ్రాంచిలో వచ్చే ఆదాయంతో ఆ అప్పు ఎన్నేళ్లలో తీరుతుంది?

ఒక లెక్క చూద్దాం. 10 శాతం వడ్డీకి తీసుకున్న 10 లక్షల అప్పును అయిదేళ్లలో తీరిస్తే నెలకు 21,247 రూపాయలు కట్టాలి. మొత్తం దాదాపు 12.75 లక్షలు. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు 13,215 రూపాయలే కానీ మొత్తం దాదాపు 15.86 లక్షలు. చిన్న వాయిదా తేలికగా కనిపిస్తుంది, మూడు లక్షలు ఎక్కువ తీసుకుంటుంది. 50 లక్షల అప్పుకు ఇవే అంకెలను అయిదుతో హెచ్చవేసి చూడండి.

సీటులో చేరేటప్పుడు బాండు మీద సంతకం పెట్టిస్తారు. ప్రభుత్వ సేవ ఎన్నాళ్లు చేయాలి, చేయకపోతే ఎంత కట్టాలి, సీటు మధ్యలో వదిలితే పెనాల్టీ ఎంత అన్నవి ప్రతి రాష్ట్రంలో వేరు. చదవకుండా సంతకం పెట్టొద్దు.

పీజీలో ఉన్నవాళ్లు పనిగంటల గురించి తెలుసుకోవాలి. 1992లో కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెంట్ డాక్టర్ల పనిని మామూలుగా వారానికి 48 గంటలకు, ఒక విడతలో 12 గంటలకు పరిమితం చేయాలని చెప్పింది. 2023 పీజీ నిబంధనల్లో వారానికి ఒక సెలవు, ఏడాదికి కనీసం 20 రోజుల జీతపు సెలవు ఉన్నాయి. వార్డుల్లో ఇవి అమలు కావడం లేదని అందరికీ తెలుసు. అయితే "నీ బ్యాచ్‌లో నీకొక్కడికే వరుసగా నైట్ డ్యూటీలు ఎందుకు" అన్న ప్రశ్న వచ్చినప్పుడు, నిబంధన తెలిసినవాళ్లు డ్యూటీ రోస్టర్ ఫొటో తీసి దాచుకుంటారు.

ప్రభుత్వ ఉద్యోగమా, ప్రైవేటా

ప్రభుత్వ ఉద్యోగంలో రోస్టర్ ఉంది, జీతం ఆలస్యమైనా వస్తుంది, సర్వీసులో ఉంటూ పీజీ చదివేందుకు ఇన్‌సర్వీస్ కోటా ఉంది. రాష్ట్రాలు ఈ కోటా ఇవ్వవచ్చని 2020 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మారుమూల పీహెచ్‌సీలో పనిచేస్తే కోటాకు అర్హత దొరుకుతుంది, మన జనానికి డాక్టరు దొరుకుతుంది. ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీకి మూడో ప్రయత్నం, నాలుగో ప్రయత్నం అంటూ కోచింగ్‌లో ఇంటి డబ్బు కరిగించే బదులు ఈ దారి చాలామందికి మేలు. ఒక మెలిక మాత్రం ఉంది. తెలంగాణలో 2022 నుంచి కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధించారు. సాయంత్రం క్లినిక్ పెట్టుకుందామన్న ఆలోచనతో చేరితే అది కుదరదు.

కాంట్రాక్టు పోస్టు వేరు, రెగ్యులర్ పోస్టు వేరు. బస్తీ దవాఖానా, ఎన్‌హెచ్ఎం ఉద్యోగాలు ఏడాదికోసారి రెన్యువల్ అవుతాయి. సర్వీసుగా ఏది లెక్కకు వస్తుందో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రిలో చేరేవాళ్లకు అసలు కీలకం ఒప్పందపు కాగితం. చాలా కార్పొరేట్ ఆసుపత్రులు డాక్టర్లను ఉద్యోగులుగా తీసుకోవు, "కన్సల్టెంట్" అంటాయి. ఎంజీ అంటే మినిమమ్ గ్యారంటీ పేరుతో కొంతకాలం నెలకు ఇంత అని ఇచ్చి, తర్వాత చూసిన రోగుల మీద శాతానికి మారుస్తాయి. వినడానికి మొత్తం పెద్దగా ఉంటుంది. కానీ కన్సల్టెంట్‌కు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతపు సెలవు లేదు. చట్టం ఉద్యోగినులకు ఇచ్చే 26 వారాల ప్రసూతి సెలవు కూడా కన్సల్టెంట్‌గా ఉన్న మహిళా డాక్టరుకు దక్కదు. రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు వీటి విలువను కూడా లెక్కలోకి తీసుకోండి.

సంతకానికి ముందు అడగాల్సినవి ఇవి:

- ఎంజీ ఎన్ని నెలలు, ఆ తర్వాత శాతం దేని మీద లెక్కిస్తారు? ఓపీ మీదనా, ప్రొసీజర్ మీదనా, మొత్తం బిల్లు మీదనా?
- ఆరోగ్యశ్రీ కేసుల వాటా ఎప్పుడు ఇస్తారు? ప్రభుత్వం డబ్బు ఆపితే డాక్టరు వాటా కూడా ఆగుతుందా?
- నోటీసు పీరియడ్ ఎంత? ఇద్దరికీ ఒకటేనా, డాక్టరుకు మూడు నెలలు, యాజమాన్యానికి ఒక రోజా?
- కేసు పడితే ఆసుపత్రి బీమా మనకు వర్తిస్తుందా?
- ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా? అడిగితే జిరాక్సులే ఇవ్వండి.

"మానేశాక ఈ ఊళ్లో రెండేళ్లు ప్రాక్టీసు చేయకూడదు" అని రాసే ఆసుపత్రులున్నాయి. ఉద్యోగం వదిలిన తర్వాత కూడా వృత్తిని అడ్డుకునే ఇలాంటి షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. భయపెట్టడానికి మాత్రం పనికొస్తుంది. ఆ సంగతి తెలియని వాళ్లే భయపడతారు.

సొంత క్లినిక్: అనుమతులు

క్లినిక్ తెరవాలంటే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 ప్రైవేటు వైద్య సంస్థల చట్టం, తెలంగాణలో 2010 కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం దీనికి ఆధారం. దాంతోపాటు:

- కాలుష్య నియంత్రణ మండలి నుంచి బయోమెడికల్ వ్యర్థాల అనుమతి. పడకలు లేని క్లినిక్‌కు 2016 నిబంధనల ప్రకారం ఇది ఒకసారి తీసుకుంటే చాలు. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు పెట్టి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకోవాలి.
- అల్ట్రాసౌండ్ ఉంటే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం కింద విడి రిజిస్ట్రేషన్, ప్రతి గర్భిణికి ఫారం ఎఫ్. ఇందులో కాగితం తప్పు కూడా నేరంగా మారుతుంది.
- ఎక్స్‌రే ఉంటే అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు.
- పడకలుంటే అగ్నిమాపక నిబంధనలు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు.

ఈ జాబితా పెద్దదే. కానీ తనిఖీకి వచ్చిన అధికారి ఎవరి క్లినిక్‌లో కాగితాలు అడుగుతాడో, ఎవరి క్లినిక్‌లో కాఫీ తాగి వెళ్తాడో మనకు తెలుసు. అండ లేనివాళ్లకు కాగితమే అండ. ఒక ఫైలు పెట్టి, ప్రతి అనుమతి గడువు తేదీని దాని అట్ట మీద రాసుకోండి.

క్లినిక్ లెక్క

ఒక చిన్న పట్టణంలో క్లినిక్ ఖర్చు ఇలా ఉందనుకుందాం. అద్దె 15,000, ఇద్దరు సిబ్బంది జీతాలు 22,000, కరెంటు, వ్యర్థాలు, స్టేషనరీ, ఇతర ఖర్చులు కలిపి 9,785, పది లక్షల అప్పు వాయిదా 13,215. మొత్తం 60,000 రూపాయలు. ఫీజు 200 అయితే నెలకు 300 మంది ఫీజు ఇచ్చే రోగులు రావాలి. 25 రోజులు తెరిస్తే రోజుకు 12 మంది. అప్పటికి డాక్టరు చేతికి ఒక్క రూపాయి రాలేదు. ఇంటికి మరో 60,000 కావాలంటే రోజుకు 24 మంది. వారంలోపు మళ్లీ వస్తే ఫీజు లేదన్నది మన ఊళ్ల ఆనవాయితీ. చూసేవాళ్లలో మూడోవంతు అలా వచ్చేవాళ్లే అయితే రోజుకు 36 మందిని చూడాలి.

మొదటి ఆరు నెలలు అంతమంది రారు. అందుకే క్లినిక్ తెరిచే ముందు ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. పై లెక్కలో అది 3.6 లక్షలు. ఇంటీరియర్, ఏసీ, గాజు తలుపుల మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి. పరికరాలు అవసరం పడ్డాక ఒక్కొక్కటే కొనొచ్చు.

అప్పు ఎక్కడ దొరుకుతుంది

బ్యాంకు మేనేజరు మొదటి ప్రశ్న "తాకట్టు ఏముంది?" భూమి లేని కులాలను భూమి అడగడమే ఇది. తాకట్టు లేని దారులు కొన్ని ఉన్నాయి. ముద్ర పథకంలో 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ముందు తీసుకున్న తరుణ్ రుణం సరిగా తీర్చినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా పెంచారు. క్లినిక్‌ను ఉద్యమ్ పోర్టల్‌లో సేవా సంస్థగా నమోదు చేసుకుంటే సీజీటీఎంఎస్ఈ రుణ హామీ కింద బ్యాంకు తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా ఇచ్చేందుకు 2016లో మొదలైన స్టాండప్ ఇండియా గడువు 2025 వరకే పెట్టారు. దాని తర్వాత ఏ పథకం నడుస్తోందో బ్యాంకులో పేరు పెట్టి అడగండి.

"మా బ్రాంచిలో ఆ పథకం లేదు" అని మాటతో తిప్పి పంపితే ఊరుకోవద్దు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తిరస్కరిస్తే కారణం కాగితం మీద అడగండి. ఆ కాగితంతో లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికి, తర్వాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

కమీషన్ అనే గోడ

మన జిల్లాల్లో పెద్ద ఆసుపత్రులు ఎలా నిండుతాయో డాక్టర్లందరికీ తెలుసు. ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచే, వైద్య అర్హత లేని ప్రాక్టీషనరు రోగిని పట్టణానికి పంపుతాడు. పంపినందుకు బిల్లులో వాటా తీసుకుంటాడు. ల్యాబు, స్కానింగ్ సెంటరు కూడా డాక్టరుకు వాటా పంపుతాయి. ఈ గొలుసు కులం మీద, బంధుత్వం మీద, డబ్బు మీద నడుస్తుంది. కొత్తగా వచ్చిన దళిత డాక్టరుకు దీనిలో చోటు దొరకదు, దొరికినా చివరి చోటే.

రోగిని పంపినందుకు ఇచ్చే, పుచ్చుకునే కమీషన్‌ను 2002 నియమావళి నిషేధించింది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఆపేయవచ్చు. అందరూ తీసుకుంటున్నారు కదా అనేవాళ్లకు మేం రెండు మాటలు చెబుతాం. ఒకటి, ఆ వాటా చివరికి కట్టేది రోగి, మన దగ్గరికి వచ్చే రోగుల్లో ఎక్కువమంది మనవాళ్లే. రెండు, అందరూ చేసే తప్పులో మొదట పట్టుబడేది అండలేని వాడే.

దీనికి బదులు ఏముంది? నిలకడగా ఒకే సమయానికి తెరిచి ఉండటం. ఫీజు బోర్డు మీద రాయడం. జెనరిక్ మందులు రాయడం. దీర్ఘకాలిక రోగుల రిజిస్టరు పెట్టడం. బీపీ, షుగరు రోగి నెలనెలా వస్తాడు, ఇంట్లోవాళ్లను తెస్తాడు. పాఠశాలలు, హాస్టళ్లు, ఉపాధి కూలీల సంఘాలు, మహిళా సంఘాలతో పరిచయం పెంచుకుంటే అది ఏ ఆర్ఎంపీ పంపిన రోగికన్నా గట్టి పునాది. ప్రాక్టీసు ఇలా కుదురుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే పైన చెప్పిన చేతి డబ్బు ముఖ్యం.

పన్ను

కన్సల్టెంట్‌కు ఇచ్చే ఫీజులో ఆసుపత్రి 10 శాతం టీడీఎస్ కోస్తుంది. అది పోయిన డబ్బు కాదు. రిటర్న్ వేస్తే అసలు పన్నుకు సర్దుబాటు అయి మిగిలింది తిరిగి వస్తుంది. ఆసుపత్రి కోసిన మొత్తం నిజంగా మన పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ స్టేట్‌మెంట్‌లో చూసుకోవాలి.

సొంత ప్రాక్టీసు ఉన్నవాళ్లకు ఒక సులువైన పద్ధతి ఉంది. పాత చట్టంలో దీన్ని 44ఏడీఏ అనేవాళ్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం రావడంతో సెక్షన్ల అంకెలు మారాయి. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉంటే, నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉంటే, అందులో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు. ఖర్చుల బిల్లులు చూపనక్కర్లేదు. పై క్లినిక్‌లో రోజుకు 24 మంది చొప్పున ఏడాది రాబడి 14.4 లక్షలు. ఆదాయంగా చూపేది 7.2 లక్షలు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి పన్ను పడదు. అయినా రిటర్న్ వేయాలి. రేపు ఇంటి రుణానికైనా, క్లినిక్ విస్తరణకైనా బ్యాంకు అడిగేది మూడేళ్ల రిటర్న్‌లనే.

వైద్య సేవకు జీఎస్టీ లేదు. అందం కోసం చేసే కాస్మెటిక్ చికిత్సలకు మాత్రం ఉంది. క్లినిక్‌కు ఒక బ్యాంకు ఖాతా, ఇంటికి ఒక ఖాతా వేరువేరుగా పెట్టుకోండి. చదువు రుణం వడ్డీకి మినహాయింపు ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది, అయితే అది పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే.

కేసులు, రికార్డులు, బీమా

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో, డాక్టరు మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, పోలీసులు ముందు స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. స్టేషన్‌కు పిలిస్తే ఈ తీర్పు పేరు చెప్పగలగాలి.

కోర్టులో నిలిచేది రాసిందే. రోగి రికార్డు కనీసం మూడేళ్లు దాచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి, చేయబోయే ప్రొసీజర్ పేరు అందులో ఉండాలి. ఒక పరీక్షకు ఇచ్చిన సమ్మతితో వేరే ఆపరేషన్ చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసు స్పష్టం చేసింది.

వృత్తి బాధ్యత బీమా మొదటి ఉద్యోగం నాడే తీసుకోండి. ఇలాంటి పాలసీలు సాధారణంగా క్లెయిమ్ వచ్చిన నాటికి అమల్లో ఉంటేనే పనిచేస్తాయి. కాబట్టి మధ్యలో ఒక్క ఏడాది కూడా తెగిపోనివ్వకూడదు. దాడి జరిగితే 2008 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్య సిబ్బంది రక్షణ చట్టం కింద కేసు పెట్టాలి.

కులం పేరుతో వేధిస్తే

2019 మే నెలలో ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ చనిపోయింది. ముగ్గురు సీనియర్ల మీద కేసు నమోదైంది. అదే ఏడాది ఆమె తల్లి ఆబెదా తడ్వీ, రోహిత్ తల్లి రాధికా వేముల కలిసి ఉన్నత విద్యాసంస్థల్లో కుల వివక్ష మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంతకు ముందే, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్షను సుఖదేవ్ థోరాట్ కమిటీ నివేదిక రికార్డు చేసింది. తెల్లకోటు కులాన్ని కప్పదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టంలో పదిమంది ముందు కులం పేరుతో అవమానించడం 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద నేరం. చాలామందికి తెలియని మరో భాగం 3(1)(జడ్ఏ). వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేసుకోకుండా అడ్డుకోవడం కూడా నేరమని 2015 సవరణలో చేర్చారు. కులం తెలిసి క్లినిక్ మూయించే ప్రయత్నం జరిగితే న్యాయవాదితో ఈ సెక్షన్ గురించి మాట్లాడండి.

అవమానం "ప్రజల దృష్టిలో" జరిగిందా అన్నది కోర్టులో పెద్ద ప్రశ్న. 2020లో హితేశ్ వర్మ కేసు తర్వాత నాలుగు గోడల మధ్య, సాక్షులు లేకుండా అన్న మాటకు కేసు నిలబడటం కష్టమైంది. అందుకే ఆపరేషన్ థియేటర్‌లో, రౌండ్స్‌లో ఎవరెవరి ముందు ఏ మాట అన్నారో అదే రోజు తేదీ, సమయంతో రాసి ఒక నమ్మకస్తుడికి మెయిల్ చేయండి. మెసేజ్‌లు తుడిచేయొద్దు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చట్టంలో 18ఏ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. లైంగిక వేధింపు అయితే 2013 చట్టం కింద ఆసుపత్రి అంతర్గత కమిటీకి కూడా విడిగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆ ఒత్తిడిలో ఒంటరిగా ఉండొద్దు. ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు మొదటి వారంలోనే చెప్పండి.

ఇల్లు, వాడ, డబ్బు

తొలితరం డాక్టరు జీతం ఒక్కరిది కాదు. నాన్న చేసిన అప్పు, చెల్లి చదువు, పెంకుటింటి మరమ్మతు, బంధువు ఆపరేషన్ అన్నీ దాని మీదే. అది భారం అని మేం అనం. ఆ చేతులే మనల్ని ఇక్కడిదాకా తెచ్చాయి. అయితే లెక్క లేని సాయం అందరినీ ముంచుతుంది. నెల జీతంలో ఇంటికి ఇచ్చేది ఇంత అని మొదటే తేల్చి, మొదటి తారీఖునే పంపేయండి. దాన్ని మించి అడిగినప్పుడు కాదనడం అప్పుడు తేలికవుతుంది.

వరుస ఇదీ: ముందు ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చాలి. తర్వాత అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా, మనకు టర్మ్ బీమా. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాలి. దాని తర్వాతే పొదుపు, ప్లాటు, కారు. కొత్త డాక్టరు కనిపించగానే చుట్టాల ఏజెంటు ఎండోమెంట్ పాలసీతో, ఎవరో ఒకరు ప్రీలాంచ్ ప్లాటుతో వస్తారు. బీమాను పొదుపుతో కలపొద్దు. రెరా నంబరు లేని ప్లాటు కొనొద్దు. రిజిస్టరు కాని చీటీలో వేయొద్దు.

ఒక్కరుగా కాదు

పైన చెప్పిన సంగతుల్లో ఏదీ రహస్యం కాదు. డాక్టర్ల కుటుంబాల్లో భోజనాల దగ్గర మాట్లాడుకునేవే. మనకు ఆ భోజనాల బల్ల లేదు కాబట్టి దాన్ని మనమే తయారు చేసుకోవాలి. ప్రతి జిల్లాలో పదిమంది దళిత, ఆదివాసీ డాక్టర్లు కలిస్తే ఒక చార్టర్డ్ అకౌంటెంటును, ఒక న్యాయవాదిని కలిసి పెట్టుకోవచ్చు. ఆఫర్ కాగితాలను ఒకరికొకరు చదివి చెప్పుకోవచ్చు. క్లినిక్‌కు అద్దె దొరకని చోట ఇద్దరు కలిసి ఒకే గదిని పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నడపొచ్చు. పీజీకి చదివే జూనియర్లకు పుస్తకాలు, హాస్టల్ ఖర్చు, ధైర్యం అందించవచ్చు.

విద్యార్థి సంఘాలకు, ఉద్యమ మిత్రులకు కూడా పని ఉంది. సూపర్ స్పెషాలిటీలో ప్రాతినిధ్యం, ప్రైవేటు ఆసుపత్రుల్లో రిజర్వేషన్, కన్సల్టెంట్ల పేరుతో హక్కులు ఎగ్గొట్టడం, రీయింబర్స్‌మెంట్ బకాయిలు మన డిమాండ్ల పట్టికలో ఉండాలి. వచ్చే ఏడాది ఫ్లెక్సీ కట్టేటప్పుడు, ఆ పిల్ల ఫోన్‌లో ఒక సీనియర్ దళిత డాక్టరు నంబరు కూడా ఉండేలా చూద్దాం.